పాత టేకు డ్రెస్సింగ్ టేబుల్‌కి మళ్లీ లక్క పాలిష్: మొదటి నుంచి చివరిదాకా

పాత డ్రెస్సింగ్ టేబుల్ బాగుచేద్దామనుకోగానే చాలామంది ముందు ఉప్పు కాగితం కొంటారు. ముప్పై నలభై ఏళ్ల టేకుకి అంతకన్నా నష్టం చేసేది ఇంకోటి లేదు. వెలుతురు తగిలి, చేతులు తగిలి ముదిరిన ఆ తేనె రంగు చెక్క లోపలిదాకా ఉండదు, పైనున్న పలచటి పొరలోనే ఉంటుంది. దాన్ని గీకేస్తే కింద లేత చెక్క బయటపడుతుంది, బల్ల నిన్ననే చేయించినట్టు వెలవెలబోతుంది. అందుకే ఇక్కడ చెప్పే పద్ధతిలో ఉప్పు కాగితం బాగా ఆలస్యంగా వస్తుంది, అదీ అవసరమైన చోటికే.

మన ఇళ్లలో సారెతో వచ్చిన డ్రెస్సింగ్ టేబుళ్లు ఎక్కువగా ఒకే తీరుగా ఉంటాయి. టేకు చట్రం, రెండు నుంచి నాలుగు సొరుగులు, రెండు నిలువు కర్రల మధ్య అద్దం, వెనకవైపు ప్లైవుడ్ పలక, పైన లక్క పాలిష్. పురుగు పట్టకపోయి ఉంటే పని మొత్తానికి వారం పది రోజులు పడుతుంది. అందులో చేత్తో చేసే పని రోజుకి రెండు మూడు గంటలే, మిగతాదంతా ఆరబెట్టడం. ఆ ఆరే సమయాన్ని కుదించబోయినప్పుడే పని చెడుతుంది.

ఎప్పుడు మొదలుపెట్టాలి

లక్క పాలిష్‌కి తేమ పడదు. లక్కని కరిగించిన స్పిరిట్ వేగంగా ఆవిరైపోతూ చెక్క పైభాగాన్ని చల్లబరుస్తుంది, గాలిలో తేమ ఎక్కువుంటే అది పాలిష్ పొరలో చిక్కుకుని తెల్లటి మసకలా కనిపిస్తుంది. కాకినాడ, విశాఖ, మచిలీపట్నం లాంటి తీరప్రాంతాల్లో వానాకాలం పనికిరాదు. సంక్రాంతి వెళ్లాక ఎండలు ముదిరే లోపు మంచి సమయం. తెలంగాణలోనూ రాయలసీమలోనూ ఇబ్బంది ఇంకో రకం. మే నెల మధ్యాహ్నం బ్రష్ సగం దూరం లాగేలోపే పాలిష్ ఆరిపోయి గీతలు నిలిచిపోతాయి. ఎండాకాలం చేయక తప్పకపోతే ఉదయం తొమ్మిదిలోపు, ఫ్యాన్ ఆపి పూయండి.

ముందు ఏ పూత ఉందో తేల్చుకోండి

ఎవరికీ కనపడని చోటు ఎంచుకోండి: కాలి వెనక భాగమో, సొరుగు కింద అడ్డపట్టీయో. దూదిని పాలిష్ స్పిరిట్‌లో ముంచి అక్కడ ఒక నిమిషం అదిమి ఉంచండి. వేలితో తాకితే జిగటగా ఉండి, దూదికి గోధుమ రంగు అంటితే అది లక్క పాలిష్. ఏమీ కాకపోతే పక్కనే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) థిన్నర్‌తో అలాగే చూడండి. దానికి కరిగితే ఎన్‌సీ లక్కర్. రెండింటికీ చలించకపోతే మెలమైన్, పీయూ (పాలీయురేథేన్), వార్నిష్, ఎనామిల్ పెయింట్‌లలో ఏదో ఒకటి.

ఈ పరీక్షకు రెండు నిమిషాలు చాలు, కానీ వారం రోజుల పని ఎటు నడవాలో ఇదే చెబుతుంది. లక్క అయితే మీ అదృష్టం. లక్క ఎన్నేళ్లయినా స్పిరిట్‌లో మళ్లీ కరుగుతుంది, కొత్త లక్క పాతదానిలో కలిసిపోయి ఒకే పొర అవుతుంది. పాత పూతను ఊడబెరకాల్సిన పనే లేదు. మెలమైన్, పీయూ గట్టిపడ్డాక మళ్లీ కరగవు. అవి పొట్టులా లేస్తుంటే మాత్రం పూర్తిగా తీసేయక తప్పదు.

బల్లకి పాత ఎనామిల్ పెయింట్ ఉంటే ఒక్క హెచ్చరిక. మన దేశంలో ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల వంతుల్లో 90 వంతులు) దాటకూడదనే నిబంధన 2017 నవంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన పెయింట్‌లో సీసం ఉండే అవకాశం ఉందనుకునే పని చేయాలి. పొడిగా గీకొద్దు, హీట్ గన్‌తో కాల్చొద్దు. పెయింట్ రిమూవర్ పూసి, ఉబ్బాక ప్లాస్టిక్ గరిటెతో తీయండి. మిగిలినదాన్ని వాటర్ పేపర్‌తో తడిపి రుద్దండి. చిన్నపిల్లలున్న ఇంట్లో ఈ పని ఆరుబయటే, కింద ప్లాస్టిక్ షీటు పరిచి చేయాలి.

చెక్క కూడా ఒకసారి చూడండి. పైపలక అంచు దగ్గర వంగి గమనిస్తే చారలు పైనుంచి పక్కకి తెగకుండా పారుతుంటే అది గట్టి చెక్క. పైన కాగితమంత పలచటి టేకు పొర, కింద అడ్డదిడ్డంగా ఇంకో చెక్క కనిపిస్తే అది వెనీర్ అంటించిన ప్లైవుడ్. వెనీర్ మీద మెషిన్‌తో సాండింగ్ చేయకూడదు. ఒక్కచోట పొర అరిగిపోతే ఇక బాగుచేయలేరు.

సిద్ధం చేసుకోవాల్సినవి

నాలుగడుగుల బల్ల ఒకదానికి ఇవి సరిపోతాయి:

- లక్క రేకులు 250 గ్రాములు, పాలిష్ స్పిరిట్ 3 లీటర్లు
- టర్పెంటైన్ 1 లీటరు, ఎన్‌సీ థిన్నర్ అర లీటరు
- ఉప్పు కాగితం (నంబరు పెరిగేకొద్దీ సన్నటిది): 120 నంబరు 3, 180 నంబరు 3, 220 నంబరు 4, 320 నంబరు 3 షీట్లు, 400 నంబరు వాటర్ పేపర్ 2
- అన్నిటికన్నా సన్నటి స్టీల్ ఊలు (నాలుగు సున్నాల నంబరుది) ఒక ప్యాకెట్
- తెల్ల ఫెవికాల్ పావు కిలో, టేకు రంగు ఉడ్ ఫిల్లర్ చిన్న డబ్బా
- సుద్దపొడి 200 గ్రాములు, పేవుడి (పసుపు), కావి (ఎరుపు) రంగు పొడులు చెరో 50 గ్రాములు
- రెండంగుళాల మెత్తటి బ్రష్, దూది, బాగా ఉతికిన పాత పంచె
- నైట్రైల్ గ్లవ్స్, ఎన్-95 మాస్కు

పంచె పాతదే ఎందుకంటే కొత్త గుడ్డ నూగు వదులుతుంది, ఆ నూగు పాలిష్‌లో అతుక్కుంటుంది. స్పిరిట్, థిన్నర్ ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఆ గదిలో గ్యాస్ స్టవ్, అగరొత్తి, దేవుడి దీపం ఏదీ వెలగకూడదు. స్పిరిట్ మంట పగటి వెలుతురులో సరిగా కనపడదు కూడా.

విప్పడం

సొరుగులు తీసి, వెనకవైపు సుద్దతో నంబర్లు రాయండి. చూడ్డానికి ఒకేలా ఉన్నా ఏ సొరుగు దాని గూట్లోనే సరిగ్గా పడుతుంది. అద్దం తీసేటప్పుడు ఇంకొకరు పట్టుకోవాలి. 5 మిల్లీమీటర్ల అద్దం చదరపు మీటరుకి పన్నెండున్నర కిలోలు తూగుతుంది. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు అద్దం ఐదు కిలోల పైమాటే.

పాత ఇత్తడి స్క్రూలు తుప్పుపట్టినట్టు కనపడవు కానీ లోపల బిగుసుకుపోయి ఉంటాయి. బలంగా తిప్పితే తల ఊడి వస్తుంది. ముందు గాడిలో మురికి సూదితో తీయండి. గాడికి సరిగ్గా పట్టే స్క్రూడ్రైవర్ పెట్టి, విప్పే ముందు ఒక్క వెంట్రుకవాసి బిగించండి, అప్పుడు విప్పండి. కదలకపోతే సోల్డరింగ్ ఐరన్ మొనని ఒక నిమిషం స్క్రూ తల మీద ఉంచి, చల్లారాక ప్రయత్నించండి.

శుభ్రం: సగం పని ఇక్కడే

డ్రెస్సింగ్ టేబుల్ మురికి వేరే ఏ బల్లకీ ఉండదు. కొబ్బరినూనె సీసా అడుగున ఏర్పడ్డ నల్లటి చక్రాలు, నూనెలో తడిసి గట్టిపడ్డ పౌడరు, చారల్లోకి దిగిన కుంకుమ, అద్దం చట్రం పొడవునా అంటించి పెట్టిన స్టిక్కర్ బొట్ల జిగురు. వీటిమీద పాలిష్ వేస్తే ఎక్కడ నూనె ఉందో అక్కడ పూత పట్టకుండా చేప కళ్లలాంటి గుంటలు పడతాయి, లేదా నెలలు గడిచినా జిగటగానే ఉంటుంది.

మొదట గోరువెచ్చటి నీళ్లు లీటరుకి గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చెంచా కలిపి, గుడ్డ ముంచి గట్టిగా పిండి తుడవండి. నీళ్లు కారకూడదు. వెంటనే పొడి గుడ్డతో తుడిచి గంటసేపు ఆరనివ్వండి.

తర్వాత టర్పెంటైన్. స్టీల్ ఊలుని అందులో తడిపి, చెక్క చారల వెంట తేలిగ్గా రుద్దండి, ఎప్పుడూ అడ్డంగా కాదు. గుడ్డతో తుడిస్తే గోధుమ, నలుపు కలిసిన జిడ్డు వస్తుంది. గుడ్డ మడత మార్చుతూ, శుభ్రంగా వచ్చేదాకా తుడవండి. టర్పెంటైన్ లక్కని కరిగించదు, నూనెనీ మైనాన్నీ మాత్రమే లాగుతుంది. ఇక్కడ స్పిరిట్ వాడితే మురికితో పాటు పాలిష్ కూడా ముద్దై లేచిపోతుంది.

బొట్ల జిగురుకి కూడా టర్పెంటైన్ చాలు. తడిపిన దూదిని ఐదు నిమిషాలు దానిమీద ఉంచి, గోరుతోనో పాత ఏటీఎం కార్డు అంచుతోనో నెడితే ముద్దలా వస్తుంది. చేతికి దగ్గర్లో ఉంది కదా అని గోళ్లరంగు తుడిచే ద్రవం మాత్రం వద్దు. అందులో ఎక్కువగా అసిటోన్ ఉంటుంది, జిగురుతో పాటు పాలిష్‌ని కూడా చుట్టూ గుండ్రంగా తినేస్తుంది.

నూనె చెక్కలోపలికే దిగి ఉంటే పైపై తుడుపు సరిపోదు. సుద్దపొడిని థిన్నర్‌తో దోసెపిండిలా కలిపి మరక మీద పావంగుళం మందాన పట్టించి, పైన ప్లాస్టిక్ కాగితం కప్పి రాత్రంతా ఉంచండి. పొద్దున కాగితం తీసి, పిండి పూర్తిగా ఎండాక దులిపేయండి. నూనె సుద్దలోకి వచ్చేస్తుంది. మొండి మరకకి రెండు మూడు సార్లు చేయాలి. గుర్తుంచుకోండి, థిన్నర్ అక్కడి పాలిష్‌ని కూడా పాడుచేయొచ్చు కాబట్టి ఆ చోట తర్వాత కొత్త పూత పడాల్సిందే.

శుభ్రం చేశాక ఒక్కరోజు ఆరబెట్టి పగటి వెలుతురులో చూడండి. చాలా బల్లలకి ఇక్కడితోనే ముప్పాతిక పని అయిపోతుంది. పోయిందనుకున్న మెరుపు మురికి కింద ఉంటుంది.

పురుగు ఉందా, పోయిందా

టేకులో ముదురు గోధుమ రంగు నడిమి చెక్కని పురుగు అంత తేలిగ్గా ముట్టదు. పసుపుపచ్చగా ఉండే అంచు చెక్కని, వెనకపలక ప్లైవుడ్‌ని, చవక రకం చెక్కతో చేసిన సొరుగు అడుగుల్ని తింటుంది. మట్టి గొట్టాలు కనిపిస్తే చెదలు. గుండుసూది తలంత రంధ్రాలు, వాటి కింద మైదాలాంటి పొడి ఉంటే పుచ్చు పురుగు. చెదలైతే అసలు మూలం గోడలోనో నేలలోనో ఉంటుంది, బల్లకి మందు పెట్టి అక్కడే మళ్లీ నిలబెడితే లాభం లేదు.

రంధ్రాలు పాతవా కొత్తవా తేలాలంటే బల్ల కింద నల్ల కాగితం పరిచి వారం చూడండి. తాజా పొడి రాలితే పురుగు బతికే ఉంది. చెక్క పురుగుల కోసం అమ్మే, థిన్నర్‌లాగా పలచగా ఉండే మందుని సిరంజితో ఒక్కో రంధ్రంలోకి ఎక్కించి, పాలిష్ లేని వెనకభాగాలకి బ్రష్‌తో పూసి, ప్లాస్టిక్ షీటులో చుట్టి మూడు రోజులు ఉంచండి. తర్వాత ఇంకో వారం గాలికి ఆరనివ్వాలి, లేకపోతే పాలిష్ పట్టదు. కిరోసిన్ పోయడం పాత అలవాటు, కానీ అది ఆవిరైపోయాక రక్షణ ఏమీ మిగలదు. ఎండలో పెట్టడం అంతకన్నా నష్టం. పురుగు చావకపోగా పలకలు పగులుతాయి.

కీళ్లు, సొరుగులు

బల్లని రెండు చేతులా పట్టి అటూ ఇటూ ఊపండి. కాలు చట్రంలో కదిలితే అక్కడ కుసి (బెజ్జంలో దూరే చెక్క కొన) వదులైందని అర్థం. వెంటనే మేకు కొట్టడం చాలా ఇళ్లలో చేసే పని. మేకు కుసిని చీలుస్తుంది, పైగా ఆ తుప్పు టేకుతో కలిసి నల్లటి మరకవుతుంది.

పాత వడ్రంగి పనిలో వాడింది సరేసు జిగురు. అది వేడినీళ్లకి మెత్తబడుతుంది. వదులైన కీలుని పూర్తిగా ఊడదీసి, వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డతో పదిహేను నిమిషాలు చుట్టండి, మెత్తబడ్డ పాత జిగురుని ఉలి అంచుతో గీకేయండి. ఇది వదిలేసి పైన ఫెవికాల్ పోస్తే పట్టదు. తెల్ల జిగురు చెక్క రంధ్రాల్లోకి దిగితేనే పట్టు, పాత జిగురు ఆ దారి మూసేసి ఉంటుంది. బాగా ఆరాక కుసినీ బెజ్జాన్నీ థిన్నర్ గుడ్డతో ఒకసారి తుడవండి. టేకులో సహజంగానే నూనె ఉంటుంది, తుడిచిన గంటలోపే జిగురు పెట్టాలి. ఆలస్యమైతే నూనె మళ్లీ పైకి వస్తుంది.

జిగురు రెండు వైపులా పలచగా రాసి బిగించండి. క్లాంపులు లేకపోతే నూలు తాడు రెండు వరసలు చుట్టి, మధ్యలో కర్ర పెట్టి మెలివేస్తే అంతే బిగువు వస్తుంది. తాడు కింద మూలల్లో అట్టముక్కలు పెట్టండి. బిగించాక ఎదురెదురు మూలల మధ్య టేపుతో కొలవండి. రెండు కొలతలూ సమానంగా ఉంటేనే చట్రం మూలమట్టంగా ఉన్నట్టు. తేడా ఉంటే జిగురు తడిగా ఉన్నప్పుడే సర్దుకోవాలి. ఇరవై నాలుగు గంటలు కదపొద్దు.

సొరుగుల దగ్గర తొందరపడొద్దు. వానాకాలంలో బిగుసుకున్న సొరుగుకి చిత్రిక పడితే, ఎండాకాలానికి అది గూట్లో గలగలలాడుతుంది. చెక్క చారలకి అడ్డంగా ఉబ్బుతుంది, పొడవునా దాదాపు మారదు. సొరుగు పక్కపలకల ఎత్తు వానల్లో పెరిగేది అందుకే. పొడి కాలంలో కూడా బిగువుగా ఉంటేనే చిత్రిక పట్టండి. ఎక్కడ ఒరుసుకుంటోందో తెలియాలంటే పక్కలకి సుద్ద రాసి లోపలికి తోసి తీయండి, సుద్ద చెరిగిన చోటే తగులుతోంది. మిగతా సందర్భాల్లో తెల్ల కొవ్వొత్తిని కింది అంచులకీ జారే పట్టీలకీ గట్టిగా రుద్దితే చాలు. నూనె మాత్రం రాయొద్దు, దుమ్ము పట్టి జిగురవుతుంది.

సొరుగు తీస్తుంటే ముందుకి తలవంచుతుందంటే జారే పట్టీ అరిగి గాడి పడిందన్నమాట. ఆ పట్టీ తీసి తిరగేసి బిగించండి, లేదా అదే కొలతకి కొత్త టేకు పట్టీ వేయండి. కుంగిన సొరుగు అడుగుకి 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్ వేస్తే మళ్లీ కుంగదు, కానీ పాత గాడి 4 మిల్లీమీటర్లకే ఉంటే కొత్త పలక అంచుల్ని కింది వైపు నుంచి పలచగా చెక్కాలి. గాడిని వెడల్పు చేయబోతే పక్కపలక బలహీనపడుతుంది.

స్క్రూ రంధ్రాలు పెద్దవైపోతే వెదురు పుల్లల్ని జిగురులో ముంచి రంధ్రం నిండా దూర్చి, మర్నాడు అంచుకి కోసేసి, సన్నటి బిట్‌తో కొత్తగా రంధ్రం పెట్టండి. ఇత్తడి స్క్రూ వేసే ముందు అదే సైజు ఇనుప స్క్రూని ఒకసారి ఎక్కించి తీస్తే దారి పడుతుంది, ఇత్తడిది విరగదు.

మరకలు: తెల్లదా, నల్లదా

వేడి గిన్నె లేదా తడి గ్లాసు పెట్టిన తెల్ల చక్రం పాలిష్ పొరలో చిక్కిన తేమ. దూది ఉండకి స్పిరిట్ తగిలీ తగలనట్టు అద్ది, ఆగకుండా ఒక్క విసురులో దానిమీదుగా పోనివ్వండి. రెండు మూడు విసుర్లకి పోతుంది. ఉండని ఒకేచోట ఆపితే అక్కడ పాలిష్ లేచి గుంట పడుతుంది.

నల్ల మరక చెక్కలో ఉంటుంది. నీళ్లు, ఇనుము, చెక్కలోని వగరు కలిసి తయారైన రంగు అది. ఆ చోట పాలిష్‌ని స్పిరిట్‌తో తీసేసి, అర లీటరు వేడినీళ్లలో 50 గ్రాముల ఆక్సాలిక్ యాసిడ్ పలుకులు కరిగించి, ప్లాస్టిక్ గిన్నెలోంచి బ్రష్‌తో పూయండి. మరక ఒక్కదానికే కాకుండా ఆ పలక మొత్తానికీ పూయాలి, లేకపోతే నల్ల మచ్చ పోయి తెల్ల మచ్చ మిగులుతుంది. ఆరాక మంచినీళ్లతో రెండు మూడు సార్లు తుడవండి. ఆక్సాలిక్ యాసిడ్ విషం. గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. కడగకుండా ఎండిన పొడిని గీకితే ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది.

ఇప్పుడు ఉప్పు కాగితం

పాత లక్క గట్టిగా పట్టుకుని ఉన్న చోట 320 నంబరుతో తేలిగ్గా, మెరుపు చచ్చేంతవరకే రుద్దండి. పూత పూర్తిగా పోయిన చోట, యాసిడ్ వాడిన పలక మీద, లోతు గీతలున్న చోట మాత్రం 120తో మొదలుపెట్టి 180, 220 వరసలో వెళ్లండి. నంబర్లు దాటేస్తే 120 వేసిన గీతలు 220కి పోవు, పాలిష్ పడ్డాక బయటపడతాయి. ప్రతి నంబరుకీ ముందు పెన్సిల్‌తో తేలిగ్గా పిచ్చి గీతలు గీసుకోండి, అవి పూర్తిగా చెరిగితే ఆ నంబరు పని అయినట్టు. కాగితాన్ని చెక్క దిమ్మెకి చుట్టి, చారల వెంటే రుద్దండి. చేతివేళ్లతో రుద్దితే పలక అలలుగా అరుగుతుంది, అది పక్క వెలుతురులో తెలిసిపోతుంది.

రంపపు పొట్టులో ఫెవికాల్ కలిపి పగుళ్లు నింపే పద్ధతిని మేం సిఫారసు చేయం. ఎండిన జిగురు పాలిష్‌ని పీల్చదు, ఆ చోటు నల్లగా మిగులుతుంది. చిన్న లోపాలకి టేకు రంగు ఉడ్ ఫిల్లర్ చాలు, కొంచెం ఎత్తుగా నింపి ఆరాక 220తో సమం చేయండి. సన్నటి పురుగు రంధ్రాల్ని పాలిష్ మొత్తం అయ్యాక రంగు మైనంతో మూయడం మంచిది. తర్వాత కొత్త రంధ్రం పడితే ఇట్టే కనిపిస్తుంది.

నగ్నంగా బయటపడ్డ టేకు చారల గుంటలు నిండటానికి సుద్దపొడి వాడతారు. తెల్ల సుద్ద ఒక్కటే వాడితే కొన్ని నెలలకి చారలన్నీ తెల్లగా తేలతాయి. నాలుగు వంతుల సుద్దకి ఒక వంతు పేవుడి, అర వంతు కావి కలిపి, పలచటి లక్క పాలిష్‌తో (కలిపే తీరు కింద ఉంది) ముద్ద చేసి, గుడ్డతో చారలకి అడ్డంగా అదిమి పట్టించండి. పది నిమిషాలకి మిగిలింది తుడిచేయండి. ఇప్పటిదాకా చేసినదాంట్లో చారలకి అడ్డంగా వెళ్లే పని ఇదొక్కటే.

రంగు సరిపోయిందో లేదో చూడటానికి ఆ చోటుని స్పిరిట్‌తో తడపండి. తడిగా ఉన్నప్పుడు కనిపించేదే పాలిష్ తర్వాతి రంగు. లేతగా ఉంటే స్పిరిట్‌లో కరిగే గోధుమ రంగుని చిటికెడు, పలచటి పాలిష్‌లో కలిపి ఆ మచ్చ వరకే రెండు మూడు పలచటి పూతలు వేయండి. ఒక్కసారే ముదురు రంగు కలిపితే తిరిగి తీయడం కష్టం.

లక్క పాలిష్ కలపడం, వేయడం

మన ఏటికొప్పాక బొమ్మలకి మెరుపు తెచ్చేదీ ఈ లక్కే, అక్కడ తిరిగే కర్రకి రాపిడి వేడితో పట్టిస్తారు, ఇక్కడ స్పిరిట్‌లో కరిగిస్తాం. లీటరు స్పిరిట్‌కి 200 గ్రాముల లక్క రేకులు గాజు లేదా ప్లాస్టిక్ డబ్బాలో వేసి మూతపెట్టండి. ఇనుప డబ్బా వద్దు, పాలిష్ నల్లబడుతుంది. గంటకోసారి కదుపుతూ ఉంటే మర్నాటికి కరుగుతుంది. పంచె గుడ్డలో వడకట్టండి. మిగిలిన రేకులు చీకట్లో పొడిగా దాచుకోవచ్చు, కలిపిన పాలిష్‌ని మాత్రం ఆరు నెలలకి మించి ఉంచొద్దు. పాతబడిన పాలిష్ ఎప్పటికీ గట్టిపడదు. అనుమానముంటే గాజు మీద ఒక చుక్క వేసి చూడండి. పావుగంట తర్వాత కూడా వేలికి అంటుతుంటే పారేయండి.

మొదటి పూత పలచగా ఉండాలి: వడకట్టిన పాలిష్‌లో అంతే స్పిరిట్ కలిపి బ్రష్‌తో చారల వెంట లాగండి. ఒకసారి లాగిన చోటికి బ్రష్ మళ్లీ తీసుకెళ్లొద్దు, సగం ఆరిన లక్క ముడతలు పడుతుంది. ఏదైనా చోటు తప్పిపోతే వచ్చే పూతలో చూసుకోవచ్చు. గంట ఆగి 320తో తేలిగ్గా రుద్ది, దుమ్ము తుడిచి, మొదట కలిపిన చిక్కదనంతోనే (అదనపు స్పిరిట్ లేకుండా) రెండో పూత, మరో రెండు గంటలకి మూడోది. రాత్రంతా వదిలేయండి.

మర్నాటి నుంచి గుడ్డ పని. కోడిగుడ్డంత దూదికి పాలిష్ పోసి, పంచె ముక్కలో చుట్టి, ముడతలు లేని అడుగుభాగం వచ్చేలా మెలివేసి పట్టుకోండి. కాగితం మీద అదిమితే తడి అచ్చు పడాలి, కారకూడదు. పలక అంచు బయట నుంచి విమానం దిగినట్టు తేలిగ్గా ఆనించి, చిన్న చిన్న వలయాలుగా, తర్వాత ఎనిమిది అంకెలా, చివర చారల వెంట పొడుగ్గా పోనివ్వండి. గుడ్డ ఎక్కడా ఆగకూడదు. పట్టేసినట్టనిపిస్తే అడుగున ఒకే ఒక్క చుక్క అవిసె నూనె వేలితో రాయండి. నూనె ఎక్కువైతే మెరుపు రెండు వారాల్లో మసకబారుతుంది. ఒక్కో పలకకి పది నిమిషాలు, రోజుకి రెండు విడతలు, ఇలా రెండు మూడు రోజులు. మధ్యలో ఒకసారి 400 నంబరుతో పొడిగానే అతి తేలిగ్గా రుద్దండి. చివరి విడతలో నూనె లేకుండా, సగం పాలిష్ సగం స్పిరిట్‌తో ఆ నూనె మరకలన్నీ లాగేయండి.

తెల్ల మసక వస్తే కంగారుపడొద్దు. పని ఆపి, పొడి రోజు వచ్చేదాకా ఆగి, స్పిరిట్ అద్దీ అద్దనట్టున్న గుడ్డతో తుడిస్తే పోతుంది. పాలిష్ కారి బొట్లు కడితే అలాగే ఒక రోజు ఆరనిచ్చి, బ్లేడు అంచుతో గీకి, 320తో సమం చేయాలి. తడిగా ఉండగా ముడితే ఇంకా పెద్దదవుతుంది.

అవిసె నూనె అంటిన గుడ్డల్ని ముద్దగా చుట్టి చెత్తబుట్టలో పడేయొద్దు. ఆ నూనె ఆరుతూ వేడి పుట్టిస్తుంది, ముద్దలో వేడి నిలిచి దానంతటదే మంటంటుకోవచ్చు. దండెం మీద విడివిడిగా ఆరేయండి, లేదా నీళ్లలో నానబెట్టి పారేయండి.

పైపలకకి ఏం చేయాలి

లక్కకున్న పెద్ద బలహీనత సెంటు, శానిటైజర్, గోళ్లరంగు ద్రవం. అవి ఉండే చోటే డ్రెస్సింగ్ టేబుల్ పైపలక. అక్కడ మాత్రం పీయూ వేద్దామనుకుంటే కింద మైనం తీసిన లక్క ఉండాలి. మామూలు లక్కలో సహజంగా మైనం ఉంటుంది, దానిమీద పీయూ పట్టు నిలవదు, ఏడాదిలో పొట్టులా లేస్తుంది. మా మాటైతే బల్లంతా లక్కే ఉంచి, పైన 5 మిల్లీమీటర్ల గాజు పలక వేయించండి. మూలల్లో చిన్న పారదర్శక రబ్బరు బొడిపెలు పెట్టాలి. గాజు నేరుగా ఆనితే తేమ కింద చిక్కి పాలిష్ తెల్లబడుతుంది. పాలిష్ అయిన నెల రోజులదాకా గాజు వేయొద్దు, బరువుకి మెత్తటి లక్క మీద అచ్చులు పడతాయి.

పిడులు, అద్దం

పిడులకి అయస్కాంతం అంటితే ఇత్తడి పూత వేసిన ఇనుము, వాటిని సబ్బునీళ్లతో తుడిచి వదిలేయండి. అంటకపోతే గట్టి ఇత్తడి కావచ్చు. పూజ సామాను తోమినట్టే చింతపండు, ఉప్పుతో తోమి, వెంటనే కడిగి, వేడి గుడ్డతో ఆరబెట్టండి. పులుపు గీతల్లో మిగిలితే వారంలో పచ్చగా తుప్పు పడుతుంది. తోమడం ఎప్పుడూ పిడులు విప్పాకే, చింతపండు నీళ్లు టేకు మీద పడకూడదు.

అద్దం వెనక రసం పూత పోయి నల్ల మచ్చలు వస్తే ఇంట్లో బాగుచేసే మార్గం లేదు. కొత్తది కోయించేటప్పుడు గాడి కొలతకన్నా నాలుగు వైపులా 2 మిల్లీమీటర్లు తక్కువ చెప్పండి, చెక్క ఉబ్బినా అద్దం మీద ఒత్తిడి పడదు. పాత అద్దం అంచులు ఏటవాలుగా సానపట్టినవై, మచ్చలు మూలల్లోనే ఉంటే మాత్రం దాన్నే ఉంచుకోవడం మేలు. అద్దానికీ వెనకపలకకీ మధ్య కొంచెం గాలి ఆడాలి. వెనకపలకని గోడకి ఆనించకుండా రెండు అంగుళాలు ఎడం పెట్టండి, వానాకాలంలో గోడ తేమ ముందు అద్దం రసాన్నే తింటుంది.

అన్నీ బిగించాక వారం రోజులు దానిమీద ఏ సీసా పెట్టొద్దు. రోజూ తుడవడానికి పొడి మెత్తటి గుడ్డ చాలు. ఏడాదికోసారి తేనెమైనం 100 గ్రాములు, టర్పెంటైన్ 250 మిల్లీలీటర్లు కలిపిన లేపనం పలచగా రాసి, అరగంట తర్వాత మెరిసేదాకా తుడవండి. ఆ మైనాన్ని వేడినీళ్ల గిన్నెలో మరో గిన్నె పెట్టి కరిగించి, పొయ్యి ఆపి, దాన్ని దూరంగా తెచ్చాకే టర్పెంటైన్ కలపాలి.